పెరట్లో ప్రాచీన నాగరికత

కుంచెగారికి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. దుకాణాలకు బోర్డులు రాసీ రాసీ ఆ పేరు చెరిగిపోయి ఇది మిగిలింది. ఊళ్ళో సగం దుకాణాల నెత్తిన ఆయన అక్షరాలే ఉంటాయి. ఈమధ్య అందరూ ప్లాస్టిక్ గుడ్డ మీద అచ్చు కొట్టించుకుంటున్నారు కాబట్టి ఆయనకు తీరిక ఎక్కువైంది. తీరిక ఎక్కువైన మగవాడు ఇంటిపట్టున ఉంటే ఏమవుతుందో పెళ్ళయిన ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఆయనకు తీరిక దొరికిన ఏడాదే ఆయన భార్యకు తీరిక లేకుండా పోయింది. కూతురి పెళ్ళి చేసి పంపించాక ఆవిడ యూనివర్సిటీలో చేరారు. ప్రాచీన భాషలు, ప్రాచీన నాగరికత. ఫ్రిజ్ తలుపు మీద ఎప్పటివో అక్షరాల పటం ఒకటి అంటించి, కూర కలుపుతూ క్రియాపదాలు వల్లె వేసేవారు.

"మాట్లాడేవాళ్ళు ఒక్కరూ బతికిలేని భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడతావోయ్?" అన్నారు కుంచెగారు పేపరు వెనకనుంచి.

"పేపరు చదువుకునే మీతో ఇన్నేళ్ళూ మాట్లాడలేదూ? జవాబు రాకపోవడం నాకు అలవాటేనండీ."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

అసలు గొడవ ఒకరోజు భోజనాల దగ్గర మొదలైంది.

"వచ్చే నెల మా క్లాసు వాళ్ళమంతా తవ్వకాల శిబిరానికి వెళ్తున్నామండీ. నది ఒడ్డున పాత ఊరేదో బయటపడిందట. నెల రోజులూ అక్కడే ఉండాలి."

"మరి నా భోజనం?"

"మీ నోరు మీతోనే ఉంటుందిగా."

"నోరుంటే సరా? అందులోకి ఏదో ఒకటి వెళ్ళాలిగా."

కుంచెగారికి వంట రాదు. ఒకసారి నీళ్ళు కాచమంటే నీళ్ళు ఆవిరైపోయి, గిన్నె అడుగు ఊడి చేతికొచ్చింది. అయితే భోజనం అన్నది పైకి చెప్పుకునే కారణం. ఆమధ్య ఆవిడ కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు, తిట్టేవాళ్ళు లేని ఇంట్లో పెరటి పంపు కారుతున్న చప్పుడు వింటూ ఆయన ఒంటరిగా కూర్చున్నారు. నెల రోజులపాటు ఆ చప్పుడు వినడం తన వల్ల కాదు. ఆ ముక్క భార్యతో చెప్పడం అంతకన్నా తన వల్ల కాదు.

"వెళ్ళి తీరాలా?"

"సొంతంగా ఏదైనా పాత వస్తువు దొరికి, అక్కడే తవ్వి రిపోర్టు రాస్తే వెళ్ళక్కర్లేదు. కిందటేడు ఒకబ్బాయికి వాళ్ళ బావి పక్కన దొరికింది. అంత అదృష్టం అందరికీ రాసిపెట్టి ఉంటుందా?"

రాయడం కుంచెగారి వృత్తి.

మర్నాడు ఆవిడ క్లాసుకు వెళ్ళగానే ఆయన అటక మీదనుంచి పగిలిన కుండ పెంకు ఒకటి దించారు. ఫ్రిజ్ మీది పటం చూసి మొదటి వరస అక్షరాలు మేకుతో చెక్కడం మొదలుపెట్టారు. పాతకాలం వాళ్ళు వంకరటింకరగా రాస్తారని ఆయనకు తెలియక కాదు. కానీ అన్నేళ్ళు బోర్డులు రాసిన చెయ్యి వంకర పోనంటుంది. దారానికి సుద్ద రాసి, లాగి కొట్టి గీత వేసుకుంటే గానీ మొదటి అక్షరం పడలేదు. అక్షరాల మధ్య ఎడం సరిచూశారు. చుట్టూ అంచు గీశారు. పని మనసుకు నచ్చితే కుడివైపు కింది మూల మూడు రేకుల పువ్వు వేయడం ఆయనకు అలవాటు. ఈ పని ఆయనకు చాలా నచ్చింది.

తరవాత పెంకును టీ నీళ్ళలో నానబెట్టి, మసి పూసి, పంపు పక్కన పాతిపెట్టి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకు కూర్చున్నారు.

"ఏమోయ్, పంపు దగ్గర నేల మెత్తగా ఉంది. గులాబీ మొక్క పెట్టరాదూ?" అన్నారు ఆవిడ రాగానే.

పెళ్ళయినప్పటినుంచీ గులాబీ మాటెత్తని మనిషి. ఆవిడ ఆయన వైపు ఒకసారి చూసి గునపం తీసుకుని వెళ్ళారు. రెండు పోట్లు వేశారో లేదో మట్టిలో పెంకు మూల కనబడింది.

"అబ్బ, ఎన్ని వేల ఏళ్ళ నాటి రాతలో!" అన్నారు కుంచెగారు. రాతలు ఇంకా మట్టిలోనే ఉన్నాయి.

ఆవిడ పెంకును పైకి తీసి, తుడిచి, తిప్పి చూశారు. కింది మూల దగ్గర కాస్త ఎక్కువసేపు చూశారు.

"మీ మాటే నిజమైంది. రేపు మా మేడంగారిని పిలుస్తాను," అన్నారు.

మేడంగారంటే వాళ్ళ ప్రొఫెసరు. మెళ్ళో గొలుసుకు భూతద్దం వేలాడుతుంది కాబట్టి పిల్లలు ఆవిణ్ణి భూతద్దం మేడం అంటారు. ఆవిడ ఒంటరిగా రాలేదు, క్లాసును వెంటబెట్టుకొచ్చారు. పొద్దున్న పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వచ్చిన కుంచెగారికి పెరడు కనబడలేదు. మేకులు, దారాలు, గళ్ళు కనబడ్డాయి. బట్టల తీగ విప్పేశారు. పంపు కట్టేశారు. ఆయన బోర్డులు రాసే ఖరీదైన కుంచెలతో పిల్లలు బోర్లా పడుకుని మట్టి దులుపుతున్నారు.

"బాబాయ్, కదలకండి. మీరు నాగరికత మీద నిలబడ్డారు," అంది ఒక పిల్ల.

ఆయన ఒంటికాలి మీద వెనక్కి వెళ్ళారు.

"ఏమండీ, తవ్వకం మొదలయ్యాక నేను గోతిలోంచి లేవకూడదట. వంట మీరు చూడాలి," అన్నారు ఆవిడ గోతిలోంచి.

"నాకు రాదు కదా."

"నేను ఇక్కణ్ణుంచి చెప్తాను. ముందు ఉల్లిపాయలు తరగండి. వేళ్ళు పక్కకు తీసి తరగండి."

మొదటి రోజు అన్నం అడుగు మాడి గట్టిగా గిన్నె ఆకారంలో ఊడొచ్చింది. పిల్లలు దాన్నే విరుచుకు తిన్నారు. భూతద్దం మేడం మాత్రం ఆ మాడు ముక్క ఒకటి అలవాటు కొద్దీ చిన్న కవర్లో వేసి చీటీ అంటించారు. రెండో రోజు ఉప్పు పడలేదు. మూడో రోజు ఆ బాకీ కూడా కలిపి పడింది. ఆ తరవాత నెమ్మదిగా కూర కూరలా ఉండసాగింది.

ఈలోగా గోతిలోంచి ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. అత్తగారు అల్లిచ్చిన ఆకుపచ్చ మఫ్లరు బయటపడింది. బస్సులో ఎవరో కొట్టేశారని కుంచెగారు అప్పట్లో బాధపడ్డ మఫ్లరు అది.

"ఈ పొర నాటి మగవాళ్ళకు అత్తగారంటే భయం ఎక్కువని తెలుస్తోంది," అన్నారు భూతద్దం మేడం.

"అబద్ధం ఆడటం కూడా తెలుసునండీ," అన్నారు ఆవిడ, మఫ్లరు దులుపుతూ.

కుంచెగారు టీ పెట్టాలంటూ లోపలికి వెళ్ళిపోయారు. ఆ టీ బాగా కుదిరింది. పిల్లలు రెండోసారి అడిగి తాగారు. మనిషన్నాక పొగడ్తకు లొంగుతాడు. మర్నాటినుంచి ఆయనే పొద్దున్నే లేచి, ఇవాళ ఏం వండాలి అని పిల్లల్ని అడగడం మొదలుపెట్టారు. వంటింటి గుమ్మానికి "ఈ రోజు భోజనం" అని బోర్డు కూడా రాసి తగిలించారు. చుట్టూ అంచు, కుడివైపు కింది మూల మూడు రేకుల పువ్వు. పిల్లలు ఆ బోర్డు కింద నిలబడి చాలాసేపు చూశారు. తన అక్షరాల అందానికి మురిసిపోతున్నారనుకున్నారు ఆయన.

రిపోర్టు చదివే రోజు వచ్చింది. కుంచెగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని క్లాసులో ముందు వరసలో కూర్చున్నారు. ఇక శిబిరం గొడవ లేదు, ఆవిడ ఇంట్లోనే ఉంటుంది అని ఆయన గుండె తేలిగ్గా ఉంది.

ఆవిడ తెర మీద పెంకు బొమ్మ వేశారు. పక్కనే వంటింటి బోర్డు బొమ్మ వేశారు. రెంటిలోనూ పువ్వు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారు.

"నా రిపోర్టు పేరు, 'నకిలీ ప్రాచీన వస్తువులను గుర్తించడం ఎలా,'" అన్నారు.

కుంచెగారు చొక్కా గుండీలు చూసుకోసాగారు.

"మీకు ఎప్పుడు అనుమానం వచ్చింది?" అని అడిగారు భూతద్దం మేడం. జవాబు తెలిసి అడుగుతున్నట్టే ఉంది ఆవిడ మొహం.

"గులాబీ మొక్క అన్నప్పుడే వచ్చింది మేడం. పువ్వు చూశాక తీరిపోయింది."

"మరి అన్నాళ్ళు ఎందుకు తవ్వాం?"

"ఆయనకు వంట వచ్చేదాకా తవ్వాం మేడం."

క్లాసంతా కుంచెగారి వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. పడ్డవాడికి చప్పట్లు కూడా కొడతారని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

"అయితే శిబిరం?" అని అడిగారు దారిలో.

"సోమవారం బయల్దేరుతున్నాం. నా పేరు ఎప్పుడో ఇచ్చేశాను."

ఇద్దరూ ఇంటి వీధి మలుపు తిరిగారు.

"భోజనం కోసం కాదోయ్. నువ్వు లేకపోతే ఇంట్లో ఆ పంపు చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు," అన్నారు చివరికి.

ఆవిడ ఆగారు. "ఈ ముక్క ఆరోజే చెప్పి ఉంటే పెరడు మిగిలేది కదండీ," అన్నారు. తరవాత ఆయన చెయ్యి పట్టుకుని నడిచారు. రోడ్డు మీద ఆవిడ చెయ్యి పట్టుకోవడం ఆయనకు గుర్తున్నంతలో అదే మొదలు.

సోమవారం ఆయనే తెల్లవారకముందు లేచి దారిలోకి భోజనం కట్టారు. ఆవిడ పెట్టె మీద పేరు రాసి, కుడివైపు కింది మూల పువ్వు వేశారు. బస్సు దగ్గర ఆవిడ ఆ పువ్వు మీద వేలు పెట్టి చూశారు.

"ఇది అసలుదేనా?"

"అసలుదే."

బస్సు కదులుతుండగా ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టారు. "ఆ గొయ్యి పూడ్చకండి. వచ్చాక గులాబీ పెడదాం."

కుంచెగారు తల ఊపి ఇంటికొచ్చారు. మెళ్ళో ఆకుపచ్చ మఫ్లరు ఉంది, ఎండ చుర్రుమంటున్నా. ఆవిడ ముందురోజే ఉతికి, ఇస్త్రీ చేసి, పొద్దున్న తన చేత్తో చుట్టి, తాను వచ్చేదాకా తీయకూడదని చెప్పి వెళ్ళారు.