బోణీ కాని కార్డు

ఆ పొద్దుటి పని నిజానికి చాలా తేలిక. కరిముల్లా బండిలో వంద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని విజయవాడ వన్ టౌన్‌లో బయల్దేరాలి, పదకొండు లోపల కూచిపూడిలో బంగార్రాజుకు దించి రావాలి. బంగార్రాజుది షామియానా సప్లయింగ్. ఇన్నాళ్లూ వేరే కొట్లో కొన్నవాడు, మొదటిసారి రహమతుల్లా ప్లాస్టిక్ సామాన్ల కొట్టుకు ఆర్డరిచ్చాడు. సరుకు టైముకు చేరితే ఏడాదంతా ఇక్కడే ఎత్తుతాడు, చేరకపోతే ఇక ఈ గుమ్మం తొక్కడు.

ఇది ఎవరైనా చేయగల పని. చెడగొట్టడానికి మాత్రం రహమతుల్లాకున్నంత తెలివి కావాలి.

కరిముల్లా అతని బావమరిది. దారి ఖర్చుకు డబ్బు చేతికిస్తే టిఫిన్లు, టీలు కూడా డీజిల్ కింద చూపిస్తాడని రహమతుల్లాకు ఎప్పటినుంచో అనుమానం. అందుకని ఎప్పటికప్పుడు డబ్బు వేసుకునే ప్రీపెయిడ్ కార్డు ఒకటి తీసుకున్నాడు. కార్డు బావమరిది జేబులో, మెసేజీ బావ ఫోనులో. మనిషిని నమ్మడం కన్నా కార్డు కొనడం చవకని అతని లెక్క. ముందుగా డబ్బు వేసి ఉంచడం కూడా నమ్మకం కిందికే వస్తుంది కాబట్టి ఖాళీ కార్డే ఇచ్చి, బిల్లయ్యాక అడిగితే అప్పుడు వేస్తానన్నాడు.

ఉయ్యూరు బంకులో డీజిల్ పోయించుకుని కరిముల్లా ఫోను చేశాడు.

"బావా, కార్డులో రెండు వేలు వేసెయ్."

"ఇంకా బోణీ కాలేదు. బోణీ కాకుండా మన కొట్లోంచి పైసా బయటికి పోదు. కాసేపాగు."

"నేను ఆగుతా బావా. డీజిల్ ట్యాంకులోకి వెళ్లిపోయింది. బంకాయన బండి తాళాలు తీసుకున్నాడు."

సర్లే, బోణీ అయ్యాకైనా సూటిగా బంకు వాళ్ల నంబరుకే డబ్బు కొట్టమన్నాడు కరిముల్లా. వాళ్లూ నువ్వూ కలిసి బిల్లు పెంచరని ఏంటి నమ్మకం అన్నాడు రహమతుల్లా. పోనీ నువ్వు కట్టు, తర్వాత చూద్దామన్నాడు. ఆ 'తర్వాత' ఎప్పుడొస్తుందో తెలిసినవాడు కనుక కరిముల్లా తన జేబులో టీ డబ్బులు తప్ప లేవన్నాడు.

అంతలో కొట్టుకు నాగమల్లేశ్వరి వచ్చింది. బందరులో చేపల వ్యాపారం ఆవిడది, ట్రేలు కొనడానికి వచ్చింది. ఎప్పుడూ తలెత్తి చూడని సాయిబు ఇవాళ స్టూలు వేసి, టీ చెప్పి, మాటిమాటికీ ఫోను చూసుకుంటుంటే ఆవిడకు సంగతి తెలిసిపోయింది. చెప్పిన రేటులో సగానికి అడిగింది. అసలు కూడా రాదని రహమతుల్లా మొత్తుకున్నాడు.

"రాకపోతే ఒద్దులెండి సాయిబు గారూ. పక్క కొట్టాయనకి బోణీ అయిపోయినట్టుంది. ఆయనతో తీరిగ్గా మాట్లాడుకుంటా," అని లేచింది.

కూర్చోబెట్టి నష్టానికి ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ మూతలు కూడా ఊరికే పట్టుకుపోయింది.

బోణీ అయింది కాబట్టి రహమతుల్లా దర్జాగా కార్డులో సరిగ్గా రెండు వేలు వేశాడు. కార్డు కంపెనీవాడు అందులోంచి తన ఫీజు కోసుకున్నాడు. బంకులో మిషను కార్డును ఉమ్మేసింది.

"ముప్పై రూపాయలు తక్కువంట బావా."

ముప్పై వేయబోయాడు. వందకు తక్కువ వేయడం కుదరదంది ఫోను.

"మిగతా డెబ్బై ఏమవుతాయి?"

"కార్డులో ఉంటాయి."

"అంటే నీ జేబులో."

ఆ డెబ్బై రూపాయల్ని కాపాడటానికి కార్డు కంపెనీకి ఫోను కొట్టాడు. సంగీతం వినిపించారు. విన్నాడు. లోకంలో ఎవరు డబ్బు కాజేసినా ఊరుకుంటాడు గానీ బావమరిదికి డెబ్బై మిగిలితే అతనికి నిద్ర పట్టదు. సంగీతం అయ్యేలోపల పదకొండు దాటింది, బంగార్రాజు ఫోనొచ్చింది.

"జనాన్ని నిలబెట్టి నాట్యం చూపించమంటారా సాయిబు గారూ? మొవ్వలో కుర్చీలు దొరికినయ్. మీవి మీరే వేసుకుని కూర్చోండి."

అదే మాట బంగార్రాజు కరిముల్లాకు కూడా చెప్పాడు. ఆ తర్వాత కరిముల్లా ఫోను ఎత్తలేదు.

సాయంత్రం బండి ఖాళీగా వచ్చింది. కుర్చీలేవని రహమతుల్లా గుండెలు బాదుకోబోతుంటే కరిముల్లా నోట్ల కట్ట, దాంతోపాటు కార్డు బల్ల మీద పెట్టాడు. ఆర్డరు పోయిందని తెలియగానే బంకు పక్కనే కుర్చీలు దించి, చెరుకు బళ్లవాళ్లకూ, బస్సు కోసం నిలబడ్డవాళ్లకూ అమ్మేశాడట. మొదటి నాలుగు కుర్చీలతోనే బంకాయన బాకీ తీరి తాళాలు చేతికొచ్చాయట.

"నీ హోల్‌సేల్ రేటు బావా, లెక్క చూసుకో. డీజిల్ నేనే పెట్టుకున్నా."

రహమతుల్లా లెక్క చూశాడు. పైసా తేడా లేదు. అదే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

"నువ్వు ఎంతకి అమ్మావు?"

"అదేంటి, నీ ఫోనుకి మెసేజీ రాలేదా?"

మర్నాడు తెల్లారకముందే కరిముల్లా బండి దగ్గర తయారుగా ఉన్నాడు. కార్డులో ఉన్నది వెనక్కి తీసేసుకుని ఖాళీగానే ఇవ్వమన్నాడు.