కంచరపాలెమున ఓరింగు సాధించుట

ఏ నగరపు రేవులో క్రేనులు ఐరావతశుండాదండములవలె ఎత్తిన చేయి దించక నిలిచియుండునో, ఏ నగరమున ఉక్కునగరపు షిఫ్టు బస్సులు ఒక అక్షౌహిణిని దింపి మరియొక అక్షౌహిణిని ఎక్కించుకొనునో, ఏ నగరమున ఆరవేసిన బట్టలపై ఇనుపధూళియు ఉప్పుగాలియు సమానన్యాయమున వ్రాలునో, అట్టి విశాఖపట్టణమున, చేపలవేట నిషేధము ఎత్తివేసిన మూడవ దినమున, మంగళవారము ఉదయము పది గంటల పదునైదు నిమిషములకు, చేపలరేవు జెట్టీపై ఒక నల్లని రబ్బరు ఉంగరము ప్రాణము విడిచెను.

దాని నామధేయము ఓరింగు. చొక్కా గుండీకన్న కొంచెము పెద్దది, పురికొసకన్న లావు కానిది. నీట మునుగువాడు వీపున మోయు గాలి సిలిండరునకును, ఆ గాలిని వాని నోటికందించు గొట్టమునకును నడుమ కావలి కాయుట దాని వృత్తి. అది చిట్లినంతనే సిలిండరు కాలసర్పమువలె బుసకొట్టెను.

సిలిండరు సన్యాసిరాజుది. ఊపిరి యోహానుది.

సన్యాసిరాజు బేరసారపారంగతుడు, సకలాపణవిజేత. ఎండురొయ్యల దుకాణమమ్మి ఆ సొమ్ముతో పాత స్కూబా సామగ్రి కొన్నవాడు. యోహాను జలగర్భసంచారి, జాలచ్ఛేదనవిశారదుడు. ఆ సామగ్రిని ధరించి మునిగి, బోట్ల ప్రొపెల్లర్లకు చుట్టుకొన్న వలలు కోయువాడు. వారి ఎదుట శ్రీరామ్మూర్తి బోటు, ప్రొపెల్లరుకు నైలాను వల బిగిసి, సంకెల పడిన మదగజమువలె నిశ్చలమై యుండెను. బోటు యజమాని మేఘగంభీరస్వరమున ఇట్లనెను:

"రాజూ, మూడు గంటలకల్లా వల తెగాల. నేదంటే నా ఆరు బోట్లకీ ఇంకోణ్ణి దింపుతాను. ఇయ్యాల ఒక్కరోజు కాదు, ఏడాదంతాను."

ఆరు బోట్ల ఏడాది పని ఒక ఓరింగు నడుమ నుండి జారిపోవుచుండెను.

అంతలో యోహాను తొందరపడి, మద్దిలపాలెములో జలక్రీడాసామగ్రి అమ్మువానికి ఫోను చేసి, స్కూబా అను రెండక్షరములను ఉచ్చరించెను. "విడిగా అమ్మమండీ. కిట్టు పద్దెనిమిది వందలు. చెన్నై నుంచి రావాలి, నాలుగు రోజులు" అని ఆవలివాడు పలికి ఫోను పెట్టివేసెను.

ఇరువదియారేండ్ల వ్యాపారజీవితమున సన్యాసిరాజు, ఏ వస్తువు దేనికి కావలెనో అమ్మువానితో చెప్పి ఎరుగడు. పూజకన్నచో బంతిపూవుకొక ధర, పెండ్లికన్నచో మరియొక ధర, పూవు అదియే. ప్రయోజనము చెప్పుట యనగా తన జేబు లోతు తానే కొలిచి చూపుట యని ఆతని సిద్ధాంతము.

"స్కూబా అన్నావేటి?" అనెను.

"మరేటన్నాల బావా? కొబ్బరిపీసనాల?"

"రబ్బరనాల. నల్ల రబ్బరు. అంతే. ఇంకెక్కడా నోరిప్పకు."

"నీల్లల్లో ఎలాగూ ఇప్పను. గట్టు మీదన్నా ఇప్పనీ" అని యోహాను మొరపెట్టుకొనెను గాని, స్కూటరు అప్పటికే రణోత్సాహమున గర్జించుచుండెను.

లారీవ్యూహములను భేదించి, ఆటోలను ఎడమవైపుకు నెట్టి, ఒక గూడ్సు రైలు తన ఏబదియెనిమిది పెట్టెలను ఒక్కొక్కటిగా ప్రదర్శించువరకు గేటు కడ తపస్సు చేసి, వారు మధ్యాహ్నము పండ్రెండింటికి కంచరపాలెము చేరిరి. అచట రైలుపట్టాల దాపున, లారీలకును పొక్లెయిన్లకును ఆయిలు సీళ్ళమ్ము నూకాలు దుకాణము కలదు. గోడ నిండుగా మేకులు; మేకు మేకునకు ఓరింగుల తోరణములు. ఆ నల్లని వనమాలల నడుమ, వెర్నియరుధారిణియై, గ్రీజుచర్చితహస్తయై, ఆ వణిక్సింహి ఉప్మా తినుచుండెను.

సన్యాసిరాజు చిట్లిన ఉంగరమును బల్లపై నుంచెను.

"ఇలాటిది కావాలప్పా."

నూకాలు చూచెను. పిమ్మట తన తొలి అస్త్రమును సంధించెను:

"దేనికి బాబూ?"

"ఇదే సైజుకి."

"సైజు కనబడతంది. దేనికని అడుగుతన్నాను."

"నీల్ల మోటారుకి" అని వీరుడు డాలు అడ్డుపెట్టెను.

ఆమె ఒకటి తీసి విసరెను. "రెండ్రూపాయలు."

రెండు రూపాయలు! సన్యాసిరాజు హృదయమున విజయదుందుభులు మ్రోగెను. కాని మౌనవ్రతధారియైన యోహాను దానిని గోటితో నొక్కగా గోరు దిగెను. ఆతడు మాటాడక తల అడ్డముగా ఊపెను.

"కొంచెం గట్టిది నేదా అప్పా?"

"నీల్ల మోటారుకి గట్టిదెందుకు? సింహాచలం కొండెక్కిత్తన్నావేటి నీల్లు?"

"మోటారు కాదు, కంప్రెసరు. టైర్లకి గాలి కొట్టేది."

"ఎంత ప్రెజరు?"

"మామూలే."

"మామూలంటే? మా ఆయన బీపీ కూడా మామూలే అంటాడు. అంకె సెప్పు."

"రెండొందల బారు" అని యోహాను నోరు జారెను.

నూకాలు ఉప్మా ప్రక్కన పెట్టెను. "రెండొందల బారుతో గాలి కొడితే నీ టైరు గోపాలపట్నంలో పడతాది. ఎవులనుకున్నావు నన్ను?"

ఇట్లు వీరుని రెండు కవచములును ఛిన్నములయ్యెను. అంతట ఆమె చేతులు తుడుచుకొని, స్వరము తగ్గించి పలికిన పలుకు ఆనాటి యుద్ధమునకు బ్రహ్మాస్త్రము:

"సూడు బాబూ. అంత ప్రెజర్లో మెత్త రింగు సందులోకి పిసికీసుకుని పోతాది. పొక్లెయినైతే ఆయిలు కారతాది, గుడ్డెట్టి తుడుసుకుంటారు. నీదాంట్లో ఏటి కారతాది?"

సన్యాసిరాజు తాను ఎరిగిన ఒకే విధమున, తూచి చూచెను. ఒక తట్టలో ఇరువదియారేండ్ల వ్రతము. రెండవ తట్టలో రేవులోని నల్లని నీరు, బోటు అడుగున కత్తి పట్టుకొన్న యోహాను, తాను జెట్టీ అంచున కూర్చుండి ప్రతిసారియు రెప్ప వేయక చూచెడి ఆ బుడగలు. అవి ఆగినచో వాని ధర ఏ సంతలోను విని యుండలేదు. యోహాను మెత్తని ఉంగరమును వ్రేళ్ళ నడుమ నలుపుచు, నవ్వక, ఆతని వంకనే చూచుచుండెను.

"ఊపిరి" అనెను సన్యాసిరాజు. "ఈడి ఊపిరప్పా. నీల్లల్లోకి దిగుతాడు. సిలిండరుకి."

నూకాలు యోహానును ఆపాదమస్తకము చూచెను. లోపలికి పోయి, గోడమూలనున్న తోరణము తెచ్చి, వెర్నియరుతో కొలిచి, ఒకటి ఇచ్చెను. యోహాను గోటితో నొక్కెను. గోరు వంగెను గాని రబ్బరు వంగలేదు.

సన్యాసిరాజు గదాఘాతమునకు తల వంచిన యోధునివలె, ధరకై ఎదురుచూచెను.

"ఆరు."

"ఆరొందలా?"

"ఆర్రూపాయలు."

"ఊపిరికని సెప్పినా ఆరేనా?"

"పొక్లెయినుకీ ఆరే, మడిసికీ ఆరే. తానెవులి దాంట్లో ఉందో రబ్బరుకి తెలుత్తాదేటి?"

పద్దెనిమిది వందల నుండి ఆరునకు పడిన ఆ ధరను చూచి అన్యుడెవడైనను సాష్టాంగపడి పోయెడివాడు. సన్యాసిరాజు తేరుకొనెను.

"పది తీసుకుంటాను. ఏబైకియ్యి."

"అరవై."

"ఏబై ఐదు."

"అరవై. రైలెల్లిపోతంది, నువ్వూ ఎల్లు."

ధర కొండవలె కదలలేదు. అప్పుడా వీరుడు, సకలాస్త్రములును వ్యర్థములైన వేళ, అంపపొది అడుగున మిగిలిన చివరి శరమును తీసెను.

"మరి కొసరేదప్పా?"

"ఓరింగులకి కొసరా? ఇదేటి, కొత్తిమీరా?"

"ఎండురొయ్యలకి నానిచ్చీవోణ్ణి. అడక్కుండానే ఇచ్చీవోణ్ణి."

పట్టాలపై రైలు పోయెను. నూకాలు ఆతని ముఖము చూచెను, యోహాను ముఖము చూచెను. తోరణము నుండి పదునొకండవ ఉంగరమును తుంచి బల్లపై విసరి, ఉప్మా గిన్నె అందుకొనెను. "పట్టుకెల్లు. మల్లీ రాకు" అని ఆశీర్వదించెను.

రెండు గంటల నలువది నిమిషములకు జెట్టీపై యోహాను సిలిండరు ముందు మోకరించి, సన్యాసిరాజు చేతనున్న ఉంగరమునకై చేయి చాచెను.

"అది కాదు. అది కొసరుది. పొట్లంలోది ఎయ్యి."

"రెండూ ఒకే తోరణంలోయి కదా బావా!"

"అయితే అయ్యాయి. ఊపిరికి కొన్నదే ఎయ్యాల."

కొన్నదే వేసిరి. కవాటము త్రిప్పిరి. బుస లేదు. బకెట్టు నీట ముంచిరి. ఒక్క బుడగ రాలేదు. రెండు గంటల ఏబదిరెండు నిమిషములకు యోహాను నల్లని నీట అంతర్ధానము చెందెను. పిమ్మట బుడగలు వచ్చెను. రావలసిన చోటనే, రావలసినట్లు. మూడునకు రెండు నిమిషములుండగా వల ముక్కలై తేలెను, శ్రీరామ్మూర్తి "రేపు రెండో బోటు సూడండి" అని యజమానులకు సహజమైన ముభావముతో పలికెను.

ఇట్లు సన్యాసిరాజు తన వ్రతమును కోల్పోయి, ధరలో అర్ధరూపాయియైనను తగ్గింపజాలక, పది ఓరింగులు కొని పదునొకండు తెచ్చెను. జయధ్వానములు లేవు, కాకులు మాత్రము వల ముక్కలలోని చేపలకై కలహించెను. కొసరుగా వచ్చిన ఆ ఆరు రూపాయల విజయచిహ్నమును చిటికెనవ్రేలి కొసకు తొడుగుకొని, యోహాను తల నీటిపైకి వచ్చువరకు ఆ మహావీరుడు జెట్టీ అంచున కదలక కూర్చుండెను.