కుదురు బతికే ఉంది

ఆగస్టు పన్నెండో తారీఖు అప్పలసూరికి బాగా గుర్తు. డెంగీ జ్వరం తగ్గి కొడుకు నరేష్ తొమ్మిది రోజుల తర్వాత ముద్ద నోట పెట్టింది ఆరోజే. మెత్తటి అన్నం, మిరియాల చారు, నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్లు. రెండోసారి వడ్డించమని కొడుకు కంచం ముందుకు జరిపినప్పుడు, ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాడాయన.

మూడు నెలలు గడిచాక, నవంబరులో ఒక సోమవారం పొద్దున్న నరేష్ తలగడ మీద వెంట్రుకలు ఏరుతూ కనిపించాడు.

"నూట ముప్పై రెండు నాన్నా! ఒక్క రాత్రికి!"

పోర్టులో ఒక ప్రైవేటు కంపెనీకి నరేష్ కాంట్రాక్టు క్రేన్ ఆపరేటరు. ఆరేళ్లుగా ఎదురుచూసిన పర్మినెంటు పోస్టుకి ఆరోజు పదకొండు గంటలకే ఇంటర్వ్యూ. ఖాళీ ఒక్కటే. ఈ తలతో వెళితే రోగిష్టివాడని తీసేస్తారని అతని భయం.

గాజువాక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన అప్పలసూరి తొణకలేదు. "రోజుకి వంద దాకా ఊడ్డం ఎవరికైనా మామూలే. జొరం వొచ్చినప్పుడు ఒళ్లు తన పని తాను చూసుకోవాలి కదా, అందుకే చాలా వెంట్రుకల్ని ఒక్కసారే రెస్టుకి పంపేస్తాది. అవి రెండు మూడు నెలలకి రాల్తాయి. కింద కుదురు బతికే ఉందిరా. కడుపునిండా తిను, కంటినిండా పడుకో. అదే వొస్తాది."

"గుండు సేయిస్తే ఒత్తుగా వొస్తాదట కదా? మా పోర్టులో జగ్గారావు బావ సెప్పాడు."

"పైకి కనపడే వెంట్రుక చచ్చిన పదార్థంరా. దాన్ని కోస్తే లోపలున్న కుదురుకి కబురే అందదు."

ఆ మాట చెప్పి అప్పలసూరి చేపల బజారుకి వెళ్లాడు. నరేష్ నిసార్ సెలూన్‌కి వెళ్లాడు.

గుండు అయ్యాక అద్దంలో చూసుకుంటే, నున్నటి తల కింద గుబురు మీసం మరీ విడ్డూరంగా కనిపించింది.

"మీసం కూడా తీసీ భాయ్."

నిసార్ కత్తి గాల్లోనే ఆగిపోయింది. "ఇంట్లో అంతా బాగే కదా బాబూ?"

"ఫస్ట్‌క్లాస్."

"గుండుకి మీసం కూడా తీసేత్తే మీవోళ్లు ఏరేగా అనుకుంటారు మరి."

"అనుకోనీ భాయ్. టైమైపోతంది, కానీ!"

ఆత్రంలో ఉన్నవాడికి ఆచారాలు గుర్తుండవు. తల్లో తండ్రో పోతే తప్ప ఆ రెండూ ఒకేసారి తీయించుకోరన్న సంగతి అతనికి ఆ క్షణాన తట్టలేదు.

గేటు దగ్గర హాజరు వేసే యంత్రం అతని ముఖాన్ని మూడుసార్లు చూసి, మూడుసార్లూ ఎర్రదీపం వెలిగించింది. సెక్యూరిటీ గవర్రాజు లేచి వచ్చాడు. ఆ తల చూశాడు, మీసం లేని పెదవి చూశాడు. నెమ్మదిగా టోపీ తీశాడు. నరేష్ తల్లి రోజారమణి పోయి నాలుగేళ్లయింది. ఆ రోజు పాడె మోసినవాళ్లలో గవర్రాజు కూడా ఉన్నాడు. ఇక మిగిలింది ఎవరో ఆయన లెక్క వేసుకున్నాడు. ఇలాంటప్పుడు నోరు తెరిచి అడగడం మర్యాద కాదు.

"ఎల్లు బాబూ. మిషన్‌కేటి తెలుసు మనిషి బాధ. మాకో ఫోన్ సెయ్యకపోయావా?"

"ఇంత సిన్న ఇషయానికి ఫోనెందుకు బాబాయ్?"

గవర్రాజు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

నరేష్ మెట్లెక్కేలోపు కబురు మేనేజరు సాయిశంకర్ గదికి చేరిపోయింది. ఆయన ఎదురొచ్చి నరేష్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇలాంటి టైంలో ఎందుకొచ్చావయ్యా? ఇంటర్వ్యూ ఏమీ వద్దు. ఇంటికి వెళ్లు. పదకొండు రోజులు ఇటు రాకు."

గుండు చూసి గెంటేస్తున్నారనుకున్నాడు నరేష్. "సార్, మల్లీ వొచ్చేత్తాయి సార్! మా నాన్న గేరంటీ ఇచ్చాడు!"

దుఃఖంలో మాట తడబడుతోందనుకుని సాయిశంకర్ కళ్లు తుడుచుకున్నాడు. నరేష్ ఫోను ఆపేసి, ఆరేళ్ల ఆశ మట్టికొట్టుకుపోయిందని బీచ్‌లో సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఈలోగా క్యాంటీన్‌లో అప్పలసూరి ఆత్మకు రెండు నిమిషాలు మౌనం పాటించారు.

ఐదింటికి సాయిశంకర్, జగ్గారావు, గవర్రాజు నిలువెత్తు బంతిపూల దండతో, రెండు అరటి గెలలతో గాజువాక వచ్చారు. తలుపు తీసింది అప్పలసూరి.

"ఓలమ్మో!" అంటూ జగ్గారావు గెల వదిలేశాడు. పళ్లు మెట్ల మీద దొర్లాయి.

"రండి బాబూ. చేపల పులుసు ఇప్పుడే దించాను. దండెవరికి?"

గవర్రాజు దండని వీపు వెనక దాచబోయాడు. అంతలోనే నరేష్ గేటు తీసుకుని వచ్చాడు. అప్పలసూరి కొడుకు తల చూశాడు, పైపెదవి చూశాడు, దండ చూశాడు.

"ఒరే, మీసం కూడానా! నన్ను సంపేసేవు కదరా!"

జగ్గారావు మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. సాయిశంకర్ మాత్రం నవ్వలేదు. "మాస్టారూ, ఒక చిక్కొచ్చింది. తండ్రి పోయిన మర్నాడే డ్యూటీకొచ్చిన మనిషని చెప్పి, పోస్టు నరేష్‌కే ఇమ్మని కమిటీని ఒప్పించాను."

నరేష్ ముఖం ఒక్కసారి వెలిగి, మరుక్షణమే ఆరిపోయింది. అప్పలసూరి అడ్డంగా తలూపాడు. "నేను పోయానని వచ్చిన ఉద్యోగం మాకొద్దు బాబూ. పనొచ్చని ఇస్తే సంతోషం. వాడిని ఇక్కడే అడగండి."

వరండాలో కుర్చీలు వేశారు. సాయిశంకర్ గొంతు సవరించుకున్నాడు. "కంటైనర్ కొక్కేనికి వేలాడుతోంది. గాలి పెరిగి ఊగడం మొదలెట్టింది. ఏం చేస్తావ్?"

నరేష్ నిటారుగా కూర్చున్నాడు. పొద్దుటి నుంచి లేని ధైర్యం గొంతులోకి వచ్చింది. "ఎదురు లాగను సార్. అది ఊగే ఏపుకే, కొక్కెం మోసే ట్రాలీని కొంచెం పోనిచ్చి, ఊపు పట్టేత్తాను. కింద మనుసులు తప్పుకున్నాక మెల్లగా దించి, క్రేన్‌కి లాక్ ఏసి దిగుతాను. గాలి తగ్గేదాకా ఎవుడు సెప్పినా ఎక్కను."

"నేను చెప్పినా?"

"మీరు సెప్పినా సార్."

సాయిశంకర్ అక్కడికక్కడే కమిటీకి ఫోన్ చేశాడు. జరిగినదంతా దాచకుండా చెప్పాడు. అవతల నుంచి పెద్దగా నవ్వులు వినిపించాయి. ఫోన్ పెట్టేసి, "ఉద్యోగం నీదే. రేపు పొద్దున్నే వచ్చి, ముందు ఆ మిషన్‌కి నీ కొత్త మొహం చూపించు" అన్నాడు.

అందరూ పులుసన్నం తిన్నారు. వెళ్లబోతూ సాయిశంకర్ ఒక్కడూ వెనకబడి, తల వంచి నడినెత్తి చూపించాడు. "మాస్టారూ, నాదీ జ్వరం వల్లేనంటారా?"

"జ్వరం ఎప్పుడొచ్చింది?"

"రాలేదండీ. మా నాన్నగారిదీ ఇలాగే ఉండేది."

అప్పలసూరి ఆయన చేతిలో ఒక అరటిపండు పెట్టాడు.

దండను వెనక్కి తీసుకెళ్లడానికి ఎవరికీ మనసొప్పలేదు. అప్పలసూరి దాన్ని రోజారమణి పటానికి వేశాడు. ఇంత పెద్ద దండ ఆమెకు బతికుండగా కూడా ఆయన తేలేదు.

రాత్రి తొమ్మిదింటికి, పోర్టు నుంచి పాకిన కబురు విని, ఆయన పాత కాలేజీ లెక్చరర్లు ఇద్దరు చేతిలో పళ్ల సంచితో, దిగులు ముఖాలతో సందు మొదట్లో కనిపించారు. ఇద్దరికీ గుండె ఆపరేషన్లు అయ్యాయి. అప్పలసూరి వరండా లైటు ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా మూశాడు. ఇంత రాత్రివేళ పోయిన మనిషే ఎదురుగా వచ్చి తలుపు తీయడం వాళ్ల ఆరోగ్యానికి మంచిది కాదు.