కర్త బాధ్యుడు కాడు

ఆ ఉదయం కోడ్ రాసే అమ్మాయి పెట్టుకున్న పని ఒకటే. పదింటికి బిల్డింగ్ మేనేజరు వచ్చి, కొత్తగా బిగించిన మాట్లాడే లిఫ్టును చూసి, బాగుందని సంతకం పెట్టాలి. సంతకం పడితే ఆమె ఉద్యోగం ఖాయం. పడకపోతే ఇంటికే. బాసు ఈ మాట ముందురోజే నవ్వుతూ చెప్పాడు.

నిజానికి లిఫ్టు గొంతు వాళ్ల కంపెనీ చేసింది కాదు. అక్షరాలు కలిపి మాటలు పలికించే కోడ్ ఒకటి ఎవరో రాసి లోకానికి వదిలేశారు. ఇలాంటిదాన్ని లైబ్రరీ అంటారు. ఊరికే వాడుకోవచ్చు గానీ షరతులుంటాయి. దాన్ని కలుపుకున్న ప్రోగ్రాం మొత్తం ఆ లైసెన్సు కిందికే వస్తుంది, లైసెన్సు పాఠం ప్రోగ్రాంతోపాటే ఉండాలి. "ఎక్కడో ఓ మూల పడెయ్యమ్మా, ఎవరు చూస్తారు?" అన్నాడు బాసు. ఆమె బుద్ధిమంతురాలు. పాఠాన్ని ఓపిగ్గా తెలుగు చేసి మరీ, లిఫ్టు ప్రకటనలుండే ఫోల్డరులో పడేసింది. అందులో ఏముంటే అది లిఫ్టు పైకి చదివేస్తుందన్న సంగతి మరిచిపోయింది. అలా చదివించే కోడ్ రాసింది తనే.

ఎనిమిదిన్నరకి మూడో అంతస్తు పళ్ల డాక్టరు ఒంటరిగా లిఫ్టెక్కాడు. తలుపులు మూసుకున్నాయి. పైనుంచి ఓ ఆడగొంతు, కోపమూ ప్రేమా లేని గొంతు, "ఎలాంటి హామీ లేదు" అంది. ఆయన తలెత్తి చూశాడు. "దీనివల్ల ఏం జరిగినా కర్త బాధ్యుడు కాడు. దీనితో కలిసినదల్లా దీనిదే అవుతుంది." నలభై ఏళ్లుగా ఇతరులకు ముచ్చెమటలు పట్టించిన మనిషి రెండో అంతస్తులోనే దిగిపోయి చెమట తుడుచుకున్నాడు.

ఆయన వెళ్లి తన క్లినిక్ రిసెప్షనిస్టుకు చెప్పాడు. కర్తంటే రాసినవాడని ఆమెకేం తెలుసు? వాళ్ల తాతయ్య పోయినప్పుడు కర్త వాళ్ల బాబాయి. అంచేత ఈ లిఫ్టులో ఎవరో పోయారని, కర్మ చెయ్యాల్సిన కర్త మొహం చాటేశాడని తేల్చేసింది. వాచ్‌మన్‌ను అడిగితే, ఎవరూ పోలేదని చెప్పడానికి మొహమాటపడి, అదంతా పాతకాలం సంగతన్నాడు. తొమ్మిదింపావుకల్లా పోయినవాడికి ఒక వయసు, ఒక ఉద్యోగం, ద్రోహం చేసిన తమ్ముడు కూడా ఏర్పడ్డారు. జనం మెట్లదారి పట్టారు. లిఫ్టు మాత్రం, పరీక్ష కోసం అమ్మాయి చేసిన ఏర్పాటు ప్రకారం, అంతస్తు అంతస్తునా ఆగి, తలుపులు తెరిచి, ఖాళీ వరండాలకు ఆ మాటలే చెప్పి వెళ్తోంది.

అమ్మాయి వచ్చేసరికి గుమ్మం దగ్గరికే ఆ గొంతు వినపడింది. తను తెలుగు చేసిన వాక్యాలే. కాగితం మీద అంత మర్యాదగా ఉన్న మాటలు అక్కడ శాపంలా ఉన్నాయి. వెంటనే తీసెయ్యమన్నాడు బాసు. ఊరికే తీసేస్తే లైబ్రరీ వాడే హక్కే పోతుందని, వేరే చోటికి మార్చడానికి అరగంట కావాలని ఆమె అంటుండగానే మేనేజరు ముందుగా వచ్చేశాడు. ముగ్గురూ లిఫ్టెక్కారు.

"దీనితో కలిసినదల్లా దీనిదే అవుతుంది" అంది గొంతు. లైటు ఓసారి మినుకుమంది. లైటుకీ కోడ్‌కీ సంబంధం లేదని ఆమెకు తెలుసు. తెలిసినా ఓ అడుగు వెనక్కి వేసింది.

"ఎవరమ్మా మాట్లాడేది?" అని మేనేజరు మెల్లగా అడిగాడు.

అంతా మేమే రాశామని బాసు ఆయనకు ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఇప్పుడు ఆమె కాలు తొక్కాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఇంకా అబద్ధం ఎందుకనుకుంది. "ఆ గొంతు మాది కాదండీ, ఊరికే దొరికింది. దాన్ని కలుపుకున్నాం కాబట్టి మా ప్రోగ్రాం కూడా దాని షరతుల కిందికే వచ్చేసింది. మీరడిగితే కోడంతా ఇచ్చెయ్యాలి. మీరు దాన్ని ఎవరికైనా ఇచ్చుకోవచ్చు."

మేనేజరు తలెత్తి గొంతు వస్తున్న వైపు చూశాడు. పాత లిఫ్టు చేసిన కంపెనీ మూతబడితే, దాని కోడ్ ఎవరి దగ్గరా లేక రెండేళ్లు మెట్లెక్కిన మనిషి ఆయన. "అంటే రేపు మీ కంపెనీ లేకపోయినా ఇది బతుకుతుందా?" అన్నాడు. ఆమె తలూపింది. ఆయన కాగితాన్ని లిఫ్టు గోడకే ఆనించి సంతకం పెట్టేశాడు.

అలా ఉద్యోగం ఖాయమైంది. ఇకమీదట కోడ్ కావాలని ఎవరడిగినా చూసుకోవాల్సింది తనేనని బాసు ఈసారి నవ్వకుండా చెప్పాడు. ఆమె పాఠాన్ని ఫోల్డరులోంచి తీసి, అచ్చు వేసి లిఫ్టులో అంటించి, కింద తన నంబరు రాసింది. లిఫ్టు ఆ మాటలు అనడం మానేసింది.

మధ్యాహ్నం మూడింటికి మొదటి ఫోను వచ్చింది, లిఫ్టులో ఉండే అత్యవసర ఫోను నుంచి. అవతలివాళ్లు పేరు చెప్పలేదు, కోడ్ మాత్రం అడిగారు. కెమెరాలో చూస్తే లిఫ్టు ఖాళీ. ఆమె లైసెన్సును మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివింది. అడిగేది మనిషే అయి ఉండాలని ఎక్కడా లేదు కాబట్టి, కోడంతా లిఫ్టుకే పంపించేసింది.