మూడున్నర మీటర్ల దిగ్విజయం

స్వస్తి! జనవరి మాసంలో, హిమధవళ రోదోపి గిరిసానువుల మీద పొగగొట్టాలు అప్పుడప్పుడే తొలి ధూమధ్వజాలనెత్తుతున్న ఉదయం ఏడు గంటల శుభవేళ, బల్గేరియా దేశపు సమస్త ఘాట్‌రోడ్లను ఇరవై రెండేళ్లుగా తన లారీ చక్రాల కింద నలగగొట్టినవాడూ, నలభై అడుగుల ట్రైలర్‌ను సూదిలోకి దారం ఎక్కించినట్టు రివర్సులో సందులోకి ఎక్కించగల హస్తలాఘవం కలవాడూ, గత రాత్రే మీసాలు కత్తిరించుకున్నవాడూ అయిన రంగెల్ దోబ్రెవ్ అనే మహారథికుడు, పరదేశోద్యోగ కాంక్షాప్రేరితుడై, ఇంటి ముంగిట తన పాత కారునధిరోహించెను.

కాంక్షకు కారణం చిన్నది కాదు. అతని ధర్మపత్ని పెన్కా మూడేళ్లుగా ఆస్ట్రియాలో, గ్రాట్స్ నగరంలో ఒక వృద్ధుడి పరిచర్యలో ఉంది. ఫోనులోనే కనబడుతుంది, ఫోనులోనే భోంచేస్తుంది, ఫోనులోనే అలుగుతుంది. ఆ నగరపు లారీ కంపెనీ ఒకటి డ్రైవర్లను ఎంచుకొమ్మని తన మనిషిని ప్లోవ్‌దివ్ నగరానికి పంపింది. పది గంటలకు పరీక్ష. గంటన్నర ప్రయాణం. ఈ రోజు తప్పితే ఆయన మళ్లీ వచ్చేది ఏడాదికి.

ఆ దేశంలో ముఖ్యమైన పని మీద బయల్దేరేవాడి ముందు నీళ్లు పోస్తారు. నీళ్లు పారినట్టు పని సాగాలని. వాటిని దాటినవాడు పని ముగిసేదాకా మళ్లీ గుమ్మం తొక్కకూడదు. ఈ ఆచారానికి అధిష్ఠాత్రి అతని అత్తగారు త్సోనమ్మ, డెబ్బై ఒక్కేళ్ల ప్రచండవాక్చాతుర్యధురీణ. ఆమె ఆ ఉదయం, అల్లుడింకా గడ్డం గీసుకుంటుండగానే, గేటు మొదలుకొని వీధి మలుపుదాకా ఉన్న నిటారు వాలు మీద ఉదారంగా నీళ్లు పోసి లోపలికి వచ్చి కాఫీ పెట్టుకుంది. వాలు పొడవు మూడున్నర మీటర్లు. కాఫీ మరిగేలోగా అది గడ్డకట్టి అద్దమైంది.

అంతట రథచక్రాలు ఘోషించెను. కారు గేటు దాటింది, ఒక మీటరు ఎగబాకింది, ఆలోచించింది, సగౌరవంగా వెనక్కి జారి ముంగిట్లోని రేగు చెట్టును ఆనుకొని నిలిచింది. రెండవ దండయాత్ర అంతకంటే క్లుప్తంగా ముగిసింది. మూడవదాని గురించి కవులు మౌనం వహించుట మేలు.

ఎదురింటి బాల్కనీలో కాఫీ కప్పుతో మించో ఆసీనుడై ఉన్నాడు.

"ఏం రంగెల్, పరీక్ష ఇక్కడే పెట్టారా?"

"నీ కాఫీ నువ్వు తాగరా."

"తాగుతూనే ఉన్నా. రివర్సు మాత్రం అదరగొడుతున్నావ్. ముందుకే రావట్లేదు."

అప్పుడా వీరుడు కారు దిగి, మంచుగడ్డకెదురుగా నిలిచి, మనసులో ఇట్లనుకొనెను: 'ఓరీ జలాధమా, బాల్కన్ కనుమలలో హిమవాతాలు నన్ను చూసి దారి ఇచ్చాయి, ఇస్తాంబుల్ కూడళ్లలో మహానగర వాహినులు నా హారన్ విని చీలిపోయాయి, నిన్నగాక మొన్న బకెట్లో ఉన్నదానివి, నువ్వు నన్నడ్డగించుటయా?' అనుకొంటూ ఒక అడుగు ముందుకు వేసి, వెల్లకిలా పడెను.

త్సోనమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అత్తయ్యా, ఎన్ని నీళ్లు పోశారు?"

"రెండు బకెట్లే."

"చెంబుడు చాలదా?"

"సంతకెళ్తే చెంబుడు చాలు. నువ్వెళ్లేది నా కూతురి దగ్గరికి."

"సరే, మీద చల్లడానికి పొయ్యిలో బూడిద తెండి."

"నిన్ననేగా ఎత్తి పారబోశావు. ఏడాదికోసారి సాయం చేస్తావు, అదీ నిన్ననే చెయ్యాలా?"

"పోనీ ఉప్పు? చల్లితే మంచు కరుగుతుంది."

"చెంచాడుంది. ఉన్నదంతా క్యాబేజీ ఊరగాయ పీపాలో వేశా. ఉప్పెక్కువైందని శరదృతువు నుంచీ మూతి తిప్పుతున్నావుగా, గుర్తులేదా?"

రంగెల్ లేచి ఇంటివైపు కదిలాడు.

"ఆగక్కడ. నీళ్లు దాటావు. గుమ్మం తొక్కితే పని చెడుతుంది."

"నేను దాటలేదు, పడ్డాను."

"దాటి పడ్డావు."

గడియారంలో ఎనిమిది దాటింది. అప్పుడా మహారథికుడికి నిజంగా భయం వేసింది. ఇంకో ఏడాది ఆగమని పెన్కాకు ఏ మొహం పెట్టుకొని చెప్పాలి? అందులోనూ మీ అమ్మ పోసిన నీళ్ల వల్లేనని ఎలా చెప్పాలి? చేతులు ప్యాంటుకు తుడుచుకొని, ఏమీ అనకుండా నిలబడ్డాడు. అల్లుడు ఏమీ అనకపోవడం త్సోనమ్మ పదిహేడేళ్లలో చూడలేదు. ఆమె నేలమాళిగలోకి దిగింది.

తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో బకెట్ ఉంది. దాన్నిండా క్యాబేజీ ఊరిన ఉప్పునీటి ఊట ఉంది. విందు మర్నాటి ఉదయం శిరోభార పీడితులకు సంజీవనియై, గ్లాసెడు కావాలంటే సొంత అన్నదమ్ములు కూడా రెండుసార్లు అడగవలసిన ఆ పీతవర్ణ పుల్లామృతాన్ని ఆమె వాలు మీద, పైనుంచి కిందికి, ఒక్క చుక్క దాచుకోకుండా పోసింది. మళ్లీ వెళ్లి ఇంకో బకెట్ తెచ్చింది. మంచు చిటపటమని, గరుకై, మెత్తబడి, ఓటమినంగీకరించింది.

"ఇప్పుడు చెప్పు, ఉప్పెక్కువైందా?"

"సరిపోయింది అత్తయ్యా."

మించో కప్పు కింద పెట్టాడు. "అంత ఊట రోడ్డు పాలు చేస్తారా? నా దగ్గర రెండు బస్తాల ఇసుకుంది."

"మరి చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదుగా."

రథం కదిలెను. చక్రాలు ఒక్కసారి తడబడి, పట్టు దొరికి, పుల్లని సుగంధాలు విరజిమ్ముతూ వాలునెక్కి మలుపు తిరిగెను.

ప్లోవ్‌దివ్‌లో ఆస్ట్రియా పెద్దమనిషి పది గంటలకు వాసన చూస్తూ కరచాలనం చేశాడు. రంగెల్ ట్రైలర్‌ను ఒకే ఊపులో గీతల మధ్య పెట్టాడు.

"మంచు మీద అనుభవముందా?"

"ఉందండీ. ఈ ఉదయమే."

"ఎంత దూరం?"

"మూడున్నర మీటర్లు."

పెద్దమనిషి అతని మొహంలోకి చూశాడు. అందులో హాస్యం కనబడలేదు. కాగితం మీద సంతకం పెట్టాడు.

ఫిబ్రవరిలో అతడు గ్రాట్స్‌కు బయల్దేరిన ఉదయం కూడా గడ్డకట్టే చలి. త్సోనమ్మ బకెట్‌తో గేటు దగ్గర నిలబడి ఉంది.

"నీళ్లేనా అత్తయ్యా?"

"నాకేమన్నా పిచ్చా? పీపాలో అడుగున మిగిలింది. పెన్కాకు చెప్పు, అమ్మ బాగానే ఉందని."

ఆమె పోసింది. అతడు దాటాడు. వెనక్కి వెళ్లకూడదని ఆచారం చెబుతుంది గానీ, అద్దంలో చూడకూడదని ఎక్కడా లేదు. డ్రైవర్ కాబట్టి చూశాడు. అద్దంలో ఖాళీ బకెట్, దాని పక్కన ఆమె, మలుపు వచ్చేదాకా కనిపించారు.

ఈ విధంగా, ఫిబ్రవరి మాసంలో, ఎనిమిది గంటల వేళ, త్సోనమ్మ గేటు ముందరి మూడున్నర మీటర్ల దారి, ఒక్కసారి కూడా జారకుండా, మొదటి ప్రయత్నంలోనే జయింపబడెను.