కొంరవ్వ వేలిలో అద్దెకు దిగినాయన

కొంరవ్వ కుడికాలి బొటనవేలిలో యూరిక్ యాసిడ్ అనే ఆయన అద్దెకు దిగాడు. వార్డు ఆఫీసు అనుమతి ఉంది. సామాను పెద్దగా లేదు, గాజుపెంకుల్లాంటి రవ్వల మూట ఒక్కటే. తెల్లారి ఆమె కాలు కింద పెట్టగానే ఆయన ఆ మూట విప్పాడు.

ఆ వాడలో ఇది మామూలే. వేళ్లలో దిగినవాళ్లకు బోటికూర, కల్లు పెట్టి మర్యాద చేస్తారు. కల్లు ముట్టనివాళ్లు కూల్‌డ్రింక్ పోస్తారు. కొన్నాళ్లకు ఆయన చుట్టం షుగర్, పరుపుచుట్ట చంకన పెట్టుకుని వస్తాడు. వచ్చాక ఒక గదితో సరిపెట్టుకునే రకం కాదు. కొంరవ్వ భర్త పాదం షుగర్ ఉన్నప్పుడే పోయింది, తర్వాత మనిషీ పోయాడు.

ఆమె కుంటుకుంటూ వార్డు ఆఫీసర్ భూమేశ్వర్ దగ్గరికి వెళ్లింది.

"సారూ, ఈయనుంటె ఆయన వచ్చుడు ఖాయమేనా?"

"ఖాయమని రూలేం లేదవ్వా. కానీ ఇద్దరు శానసార్లు కలిసే తిరుగుతరు. ఎవరు ఎవర్ని తోల్కొస్తున్నరో మాకు గూడ తేలలే."

"అయితె నేను మర్యాద జెయ్య. నా కాళ్లు నాకుండాలె."

"ఇంట్లున్నోన్ని పస్తు పండవెడ్తవా?" అని ఆయన నొచ్చుకుని, తన వేలిలో ఉన్నాయన కోసం ఇంకో కూల్‌డ్రింక్ తెప్పించాడు.

కొంరవ్వ డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంది. బిందె దగ్గర పెట్టుకుని నీళ్లు తాగింది. వాపు తగ్గగానే నడక మొదలుపెట్టింది. వేలిలోని ఆయన ఆకలని గొణిగేవాడు, ఆమె వినేది కాదు.

ఆడబిడ్డ రాజవ్వ ఇంట్లో దావత్ జరిగింది. ఆనవాయితీ ప్రకారం ఒక్కో మనిషికి మూడు విస్తర్లు వేశారు. ఒకటి మనిషికి, ఒకటి వేలిలో ఉన్నాయనకు, ఒకటి రాబోయే చుట్టానికి. కొంరవ్వ రెండు విస్తర్లు బోర్లించింది. బంతిలో అందరూ నమలడం ఆపేశారు.

"ఏందే, నలుగుట్ల నా ఇజ్జత్ దీస్తున్నవు?" అంది రాజవ్వ.

"నీ ఇజ్జత్ బోతె మల్లొస్తది వదినా. నీ తమ్ముని పాదం మల్లొచ్చిందా?"

మర్నాటికి కొంరవ్వకు బాగాలేదని వాడంతా తెలిసింది. బోటి తినదట, కూల్‌డ్రింక్ తాగదట, పైగా పొద్దున్నే నడుస్తోందట. ఇవి మంచి లక్షణాలు కావని అందరూ ఒప్పుకున్నారు. రోగిని చూడటానికి ఉత్త చేతులతో వెళ్లకూడదు కనుక గ్లూకోజు డబ్బాలు, జిలేబీలు, తియ్యని బిస్కెట్లు పట్టుకుని ఆమె గుమ్మం ముందు వరుస కట్టారు. వరుస చివర పరుపుచుట్టతో షుగర్ నిలబడ్డాడు.

కొంరవ్వ గడపలో కూర్చుని రెండు కాళ్లూ అడ్డంగా చాపింది. తెచ్చినవన్నీ తెచ్చినవాళ్లతోనే తిప్పి పంపింది. చివరికి షుగర్ ఒక్కడే మిగిలి, ఎదురుగా అరుగు మీద పరుపు దించాడు.

"నాకేం తొందర లేదక్కా," అన్నాడు మర్యాదగా.

"నాకూ లేదు తమ్మీ."

ఇప్పటికీ ఆమె గడపలోనే ఉంది, ఆయన అరుగు మీదే ఉన్నాడు. ఆ దారిన వెళ్లేవాళ్లు ఆమెను చూసి పాపం అనుకుంటారు. ఆయన ఎండలో కూర్చున్నాడని చాయ్ ఇప్పిస్తారు, చక్కెర ఎక్కువేసి.