మీరు ఎత్తక్కర్లేదు, అదే ఎత్తుకుంటుంది

మనిషి కష్టాలన్నిటికీ మూలం బటన్లు! నొక్కాలా, వద్దా? ఇప్పుడే నొక్కాలా, కాసేపాగాలా? ఈ సందిగ్ధంలోనే సగం జీవితం గడిచిపోతోంది. ఆ బెడదను కూకటివేళ్లతో పీకేసిన మేనేజరు గారొకరున్నారు. ఆయనకు ఇంతవరకూ ఒక్క సన్మానమైనా జరగలేదంటే ఈ లోకాన్ని ఏమనాలి?

ఆయన ఆఫీసులో ఇంటర్నెట్ మీద కాల్స్ మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ కొన్నారు. దాన్ని అందరికీ ఎక్కించే పని ఇన్‌స్టాల్ బాబాయ్‌ది. ఆ పేరు కుర్రకారు పెట్టింది. అసలు పేరు జీతం వేసేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. బాబాయ్ ప్రతి కుర్చీ దగ్గరికీ వెళ్లి మైకుతో, కెమెరాతో కుస్తీ పట్టే రకం కాదు. సెట్టింగులన్నీ ముందే నింపేసి ఒక సెటప్ ఫైలు తయారుచేస్తాడు. దాన్ని ఒక్కసారి నొక్కితే చాలు, అద్దె ఇంట్లో అడుగు పెట్టేసరికే మంచాలు వేసి పక్కలు పరిచి ఉన్నట్టు, అన్నీ సిద్ధం.

ఆ ఫైలు తయారవుతున్నంతసేపూ మేనేజరు గారు బాబాయ్ కుర్చీ వెనకే నిలబడ్డారు. కాల్ వస్తే ఎత్తాలా అని ఆరా తీశారు. ఎత్తాలన్నాడు బాబాయ్. ఎత్తకపోతే? మోగి మోగి ఆగిపోతుందన్నాడు. మేనేజరు గారి మొహం మాడిపోయింది.

"నేను చేస్తే మోగడం దేనికయ్యా? కలిసిపోవాలి. మైకు, కెమెరా తెరుచుకునే ఉండాలి. నేను కాల్ పెట్టేసేదాకా ఎవడూ పెట్టెయ్యకూడదు. మార్చడానికి వీల్లేకుండా అన్నిటికీ తాళం వెయ్యి."

వేశాడు. సొంత ఫోన్లలో కూడా ఎక్కించమన్నారు. ఎక్కించాడు. అందరికంటే ముందు తన ఫోనులోనే ఎక్కించుకున్నాడు, పనిమంతుడు కదా!

ఇక చూడండి వైభోగం. లెక్కల గుమాస్తా మంగలి షాపులో ఒక చెంప గీయించుకుని, రెండో చెంప నురగతో మీటింగులో కూర్చున్నాడు. స్టోర్ కీపరు ఇంటి పక్కవాళ్ల గోడ తగాదా మీటింగులోకి నడిచి వచ్చేసింది. ఆ పక్కింటావిడ తగాదా మధ్యలోనే ఈ ఏడు అమ్మకాలు ఎలా పెంచాలో నాలుగు ముక్కలు చెప్పింది. అవి అమల్లోకి వచ్చాయి కూడా. టైపిస్టు కునుకు తీస్తుంటే కాల్ కలిసింది. ఆవిడ గురకను "సమ్మతమే" కింద రాసుకున్నారు. ఇంతకుముందు ఏ ఆఫీసులోనైనా నిద్రపోతూ నిర్ణయాలు తీసుకునే సౌకర్యం ఉండేదా? ఉండేదేమో, కానీ పెద్ద ఆఫీసర్లకు మాత్రమే!

బాబాయ్ ఇంటి సంగతి వేరు. వాళ్లమ్మకు రెండు కళ్లలోనూ పొరలు. కొడుకును చెప్పుల చప్పుడును బట్టి పోల్చుకుంటోంది పాపం. డాక్టరు ముందు ఒక కంటికి ఆపరేషన్ చేసి, ఆదివారం కట్టు విప్పుతానన్నాడు. అమ్మ కోరిక ఒక్కటే.

"కట్టు విప్పేసరికి ఎదురుగా నువ్వుండాలిరా. ముందు నీ మొహమే చూడాలి నేను."

అదెంత భాగ్యమన్నాడు బాబాయ్. ఆదివారానికి సెలవు అడగక్కర్లేదు కదా! నున్నగా గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆస్పత్రికి వెళ్లాడు. వేరే ఊళ్లో ఉన్న అక్క తనూ చూస్తానంటే, వీడియో కాల్ కలిపి, ఫోన్‌ను మంచం ఎదుటి బల్ల మీద నీళ్ల సీసాకు ఆనించాడు. దాని పక్కనే నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

నర్సు కట్టు విప్పింది. దూది తీసింది. మెల్లిగా తెరవమంది. సరిగ్గా అప్పుడే ఫోన్లో అక్క మాయమై, మేనేజరు గారు ప్రత్యక్షమయ్యారు. మోగలేదు, అడగలేదు. కింద వరసగా ఆఫీసువాళ్ల మొహాలు, పైన తెర నిండా ఆయనగారిది. బాబాయ్ గాభరాగా ఫోన్ మీదికి వంగాడు. పెట్టేద్దామంటే బటన్‌కు తాళం. వేసింది తనే! ఆస్పత్రిలో ఉన్నాను సార్, ఒక్క నిమిషం సార్ అని, తల ఎత్తకుండా బతిమాలుతూనే ఉన్నాడు.

అమ్మ కన్ను తెరిచింది. ఒక పక్క కొడుకు నడినెత్తి, ఇంకో పక్క మేనేజరు గారి మొహం.

"జుట్టు పలచబడిపోయిందేంట్రా," అంది ముందు. తర్వాత ఫోన్ వైపు తిరిగింది. "ఎవరు నాయనా నువ్వు? ఆదివారం పూట కూడా నిన్ను ఇంట్లో ఉండనివ్వరా?"

మైకులన్నీ తెరిచే ఉన్నాయి కదండీ. ఆఫీసు మొత్తం ఒక్కసారిగా ఘొల్లున నవ్వింది. ఆపుకోవడం ఎవరి తరం? మైకు మూసుకుందామంటే ఆ బటన్‌కూ తాళమాయె!

సోమవారం పొద్దున్నే బాబాయ్‌ని పిలిపించారు. బాబాయ్ గుండె చిక్కబట్టుకుని, కాల్ దానంతటదే ఎత్తుకునే సెట్టింగు తీసేయమంటారా అని అడిగాడు. మేనేజరు గారు ఆశ్చర్యపోయారు. కాల్ చక్కగా కలిసింది కదా, తప్పంతా మైకులదేనన్నారు. తన మైకు తప్ప మిగతావన్నీ మూసి, తాళం వేసి, కొత్త ఫైలు తయారుచెయ్యమన్నారు.

చేస్తూ చేస్తూ బాబాయ్ ఒక గడి దగ్గర ఆగాడు.

"సార్, పని వేళలు అని ఇక్కడ ఒకటుంది. ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని రాస్తే, ఆ టైము దాటాక కాల్స్ కలవవు."

ఆయన వంగి చూశారు. "రాయకపోతే?"

"ఎప్పుడైనా కలుస్తాయి సార్."

"మరి రాయడం దేనికయ్యా? ఖాళీగా వదిలెయ్."

వదిలేశాడు. చూశారా, మైకులు మూతపడ్డాక ఇప్పుడు మాట్లాడే శ్రమ కూడా తప్పింది! పైగా మేనేజరు గారు ఎంత ధర్మాత్ములంటే, ఆఫీసు టైములో ఒక్క కాల్ కూడా చెయ్యరు. అప్పుడు అందరూ ఎదురుగానే ఉంటారు, కాల్ దేనికి?

మొన్న బాబాయ్ మళ్లీ కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. అమ్మ రెండో కంటికి ఆపరేషన్ చెయ్యాలి. మీ వీలు కోసం కట్టు ఆదివారమే విప్పుదామన్నాడు డాక్టరు, మంచి మనసుతో.

"వద్దు డాక్టరు గారూ, మామూలు రోజు, ఆఫీసు టైములో పెట్టండి," అన్నాడు బాబాయ్. "సెలవు రోజుల్లో నాకు తీరిక ఉండదు."